సదరు ఖాళీ స్థలం కొట్టివేయడమైనది

డిస్కుల మీద హైదరాబాదులో రెండు రోజుల శిక్షణ ఉందని ఉత్తర్వు వచ్చేసరికి మా ఆఫీసులో ఒకరికి నడుం పట్టేసింది, ఒకరికి మేనకోడలి పెళ్లి తగిలింది, ఇంకొకాయన ఏకంగా సెలవు పెట్టేశాడు. మిగిలింది నేను. పంపారు, వెళ్లాను. రెండో రోజు భోజనాల తర్వాత ఏం చెప్పారో నాకు తెలియదు. ఏసీ చల్లగా ఉంది, కుర్చీ మెత్తగా ఉంది. అయినా రాజమండ్రి స్టేషన్లో రైలు దిగేసరికి నేను నిపుణుణ్ని. సర్టిఫికెట్టు మీద అలాగే అచ్చేశారు. ముప్ఫై ఏళ్లు కాపురం చేసిన మా ఆవిడ కూడా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పేరు మీదేనా?" అని మాత్రం అడిగింది.

పేరు నాదే. తటవర్తి యజ్ఞనారాయణ, సహాయ సంచాలకుడు, జానపద దృశ్య భాండాగారం. పాతికేళ్లుగా మా వాళ్లు గోదావరి జిల్లాల్లో ఊరూరా తిరిగి జాతర్లూ ఆటలూ పాటలూ వీడియో టేపుల మీద పట్టుకొచ్చి బీరువాల్లో పెట్టారు. ఆ టేపులకి బూజు పడుతోంది. వాటన్నిటినీ హైడెఫినిషన్ డిస్కుల్లోకి ఎక్కించి శాశ్వతం చేయమని పైనుంచి హుకుం. ఆ రోజుల్లో హైడెఫినిషన్ అనే మాట వినపడితే చాలు, అధికారులు కుర్చీలో సర్దుకుని కూర్చునేవారు.

నేను నేర్చుకున్నదంతా ఇక్కడ చెప్పేస్తాను, ఎంతో సేపు పట్టదు. డిస్కు మీద కంటికి ఆనని గుర్తులుంటాయి. లేజరు కాంతి వాటిని చదువుతుంది. డీవీడీని చదివేది ఎర్ర కాంతి. దాని మొన కాస్త మొద్దు, పెద్ద అక్షరాలే పడతాయి. కొత్త రకాన్ని చదివేది నీలం కాంతి. దాని మొన సన్నం, కాబట్టి చిన్న అక్షరాలు రాసుకోవచ్చు, అంతే సైజు డిస్కులో అయిదింతల సరుకు పడుతుంది. ఈ కొత్తదాంట్లో మళ్లీ రెండు రకాలు, అప్పటికి రెండూ కొట్టుకుంటున్నాయి. ఒకదాంట్లో సరుకు ఎక్కువ పడుతుంది గానీ రాత పైపొరకి బాగా దగ్గరగా, పాల మీద మీగడ కింద ఉన్నట్టు ఉంటుంది. రెండోదాంట్లో సరుకు తక్కువ, రాత మందం మధ్యలో భద్రంగా ఉంటుంది.

కొనుగోలు కమిటీలో ఇదంతా చెప్పాను. మా కార్యదర్శి గంధం దొరబాబు గారు కళ్లు మూసుకుని విన్నారు. ఆయన కళ్లు మూసుకుంటే ఆలోచిస్తున్నారని అర్థం చేసుకోవాలని మాకు మౌఖిక ఆదేశం ఉంది.

"అంటే రెండో రకం విషయాన్ని లోపల దాస్తుందన్నమాట," అన్నారు కళ్లు తెరిచి.

"దాచడం అని కాదండి, రక్షణ..."

"యజ్ఞనారాయణ గారూ, ప్రభుత్వ విధానం పారదర్శకత. విషయం పైకి ఉండాలి. దాచుకునే సరుకు మనకొద్దు. మొదటి రకమే రాసేయండి."

రాసేశాను. చిత్రమేమిటంటే, కొన్నాళ్లకి లోకమంతా ఆ రకానికే మొగ్గింది, రెండోది అడ్రసు లేకుండా పోయింది. మా సంస్థ చరిత్రలో తీసుకున్న సరైన నిర్ణయం అదొక్కటే.

డిస్కులు దిగిన వారంలోనే నూకరత్నం వచ్చింది. పెద్దాపురం పక్క పల్లె. గరగల మేళం నడుపుతుంది. అమ్మవారి గరగని, అంటే అలంకరించిన ఘటాన్ని, నెత్తిన పెట్టుకుని, చెయ్యి తగలకుండా, డప్పుల మీద ఆడతారు. ఆమె మొగుడు గంగరాజు ఆ మేళానికి డప్పు. కిందటేడు పోయాడు.

"మా మేళంలో ఆచారం ఉందండి బాబుగారూ," అంది, ఎదురుగా కుర్చీ ఉన్నా నిలబడే. "గరగ ఎత్తాక, దించే వరస అని ఒకటుందండి. అది వాయిస్తేనే దించాలండి. ఊరికే దించకూడదు, అమ్మవారికి అవమానం. ఆ వరస మా మావ ఒక్కడికే వచ్చండి. ఆయన్ని మా తమ్ముడు వీర్రాజు నేర్పమని అడిగితే, ఇదుగో అదుగో అనేవోడు. ఈలోపల పోయాడు."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడేటుందండి, ఏడాదై గరగ ఎత్తట్లేదు. ఎత్తితే దించడం ఎలాగ? మీవోళ్లు మా ఊరి జాతర టేపు పట్టారు కదండీ, అందులో మావ వాయించింది మొత్తం ఉంది. ఒక్కసారి ఇనిపించండి బాబూ. మా వోడు బయటే ఉన్నాడు, డప్పు తెచ్చుకున్నాడు. ఒక్కసారింటే పట్టేస్తాడండి, ఆయ్."

టేపు నా వెనక బీరువాలోనే ఉంది. టేపు ఆడించే యంత్రం ఆ పక్క బల్ల మీదే ఉంది. అది ఆడుతుంది కూడా. లేచి నాలుగడుగులు వేస్తే అయిపోయే పని. కానీ నేను నిపుణుణ్ని. తెలియనివాడైతే వినిపించి పంపేసి ఉండేవాడు.

"టేపు ఆడించిన కొద్దీ అరుగుతుందమ్మా," అన్నాను. "డిస్కు అలా కాదు. దాన్ని వెలుగే తాకుతుంది గానీ ఏ సూదీ తాకదు. ఎన్నిసార్లు ఆడించినా చెక్కు చెదరదు. ఈ జాతర్లోపల ఎక్కించి, నీకో ప్రతి కూడా ఇస్తాను. అన్నాళ్లు ఆగినదానివి, ఇంకొన్నాళ్లు ఆగలేవూ?"

"చెక్కు చెదరదా అండి?"

"నీ మనవలు కూడా వింటారు."

ఆమె దణ్ణం పెట్టింది. బయట మెట్ల మీద కూర్చున్న తమ్ముణ్ణి లేపుకుని, డప్పు భుజాన వేయించి వెళ్లిపోయింది. ఆ రోజు నా మీద నాకే గౌరవం పెరిగింది.

అన్న మాట ప్రకారమే ఎక్కించాను. ఒక విషయానికి ఒక ఫైలు అన్నది కార్యాలయ పద్ధతి కాబట్టి ఒక ఊరి జాతరకి ఒక డిస్కు. గంగరాజు డప్పు నా కంప్యూటర్లో ఖణేల్‌ఖణేల్‌మని మోగింది. దించే వరస దగ్గరికి వచ్చేసరికి పక్క గదుల్లోంచి జనం వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. గుండెల మీద వాయించినట్టుంది. అంత బాగా వచ్చింది.

అప్పుడు ఆడిట్ వచ్చింది.

ఆడిట్ అధికారిణి చెరుకువాడ హైమవతి గారికి కార్యాలయ పద్ధతి నోటికి వచ్చు, నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఆవిడ మొదట డిస్కులు పెట్టెల్లో విడివిడిగా ఉండటం చూసి, "ఇవి దాఖలాలా, చిల్లర సామానా?" అన్నారు. దాఖలాలే అన్నాం. "దాఖలాలైతే ట్యాగు ఏది?"

మా కార్యదర్శి గారు ఒక డిస్కు తీసి వెలుతురుకి పట్టారు. ఆయన మొహం వికసించింది. "చూశారా, మన సౌకర్యం కోసం కంపెనీ వాళ్లే మధ్యలో కన్నం పెట్టి పంపారు!"

మధ్యాహ్నానికల్లా డిస్కులన్నీ జిల్లాలవారీగా, కాగితాలు గుచ్చే తెల్ల ట్యాగు దారాలకి ఎక్కాయి. అటో ముడి, ఇటో ముడి. చేత్తో పట్టుకుంటే తోరణాల్లా వేలాడేవి, ఒకదానికొకటి రాసుకుని గలగలమనేవి. వినడానికి బాగానే ఉండేది.

హైమవతి గారు తోరణంలో మొదటి డిస్కునే పట్టుకుని మెరిసే వైపు చాలాసేపు చూశారు. రాత పడినంత మేరా రంగు కాస్త మారుతుంది. లోపలి సగం ఒక రంగు, బయటి సగం ఇంకో రంగు.

"ఈ బయట భాగం ఏమిటి?"

"ఖాళీ అండి," అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"ఖాళీయా!" ఆవిడ కళ్లజోడు తీశారు. "దాఖలాలో ఖాళీ స్థలము విడిచిపెట్టరాదు. విడిచినచో సదరు ఖాళీని అడ్డగీతతో కొట్టివేసి, బాధ్యతాయుత అధికారి సంతకము చేసి, కార్యాలయ ముద్ర వేయవలెను. లేకపోతే రేపెవరో వచ్చి ఆ ఖాళీలో ఇంకేదో రాస్తారు. జాతర కింద ఎవరి పెళ్లో ఎక్కిస్తారు. బాధ్యత ఎవరిది?"

"మేడం, డిస్కు మూసేశామండి. ఇంక అందులో ఎవరూ రాయలేరు."

"ఎవరు మూశారు?"

"యంత్రం అండి."

"యంత్రానికి సంతకం చేసే అధికారం ఎవరిచ్చారు?"

నా శిక్షణలో ఈ ప్రశ్న రాలేదు. వచ్చి ఉంటే రెండో రోజు మధ్యాహ్నం వచ్చి ఉంటుంది.

అయినా ఒక మాట అన్నాను, నా మొహం మీద ఉమ్మేసే ముందు అది గుర్తు పెట్టుకోండి. "మేడం, రాత పైపొర కిందే ఉంటుందండి. పైన గీతలు పడితే..."

దొరబాబు గారు బల్ల చరిచారు. "మంచిదే కదయ్యా! మన సంతకం సరాసరి విషయానికే తగులుతుంది. ఇంతకంటే పటిష్టమైన ధ్రువీకరణ ఎక్కడుంది?"

గీత కొట్టాం. సంతకం చేశాం. ముద్ర వేశాం. ముద్ర వేయడానికీ పద్ధతుంది: సగం రాత మీద, సగం ఖాళీ మీద పడాలి, రెండూ ఒకే దాఖలా అని తెలియాలి. అంతా బాగానే ఉంది గానీ సిరా నిలవలేదు. ఈ రకం డిస్కుకి పైన గట్టి పూత ఉంటుంది. గీతలు పడకుండా, మరకలు అంటకుండా కంపెనీవాళ్లు కిందా మీదా పడి కనిపెట్టిన పూత. సంతకం తామరాకు మీద నీటిబొట్టులా జారి పక్కకి వెళ్లిపోయేది. ముద్ర వేలితో తుడిస్తే పోయేది. హైమవతి గారు తమ చీర కొంగుతో కార్యదర్శి గారి సంతకం తుడిచి చూపించారు.

"సంతకాన్ని తిరస్కరించే దాఖలా దాఖలాయే కాదు," అన్నారు. "మొత్తం డిస్కుల మీద అభ్యంతరం రాస్తున్నాను."

మా దొరబాబు గారి పదోన్నతి ఫైలు అప్పుడు నడుస్తోంది. ఆయన నావైపు చూశారు. అందరూ నావైపే చూశారు. నిపుణుడు అన్నాక చూడరూ మరి?

సరిగ్గా అప్పుడు నాకో ఆలోచన తట్టింది. నాకు ఆలోచనలు తట్టడం అరుదు, అందుచేత తట్టినప్పుడు ఆగలేను. ఆ రోజుల్లో మా ఇంట్లో కిటికీలకి రంగులేయిస్తున్నాను. పాత రంగు మీద కొత్త రంగు పట్టకపోతే మేస్త్రీ ఏం చేస్తున్నాడు? ఉప్పు కాగితం పెట్టి రుద్దుతున్నాడు.

"సార్, ఉప్పు కాగితంతో కాస్త గరుకు చేస్తే పట్టొచ్చండి," అన్నాను.

హైమవతి గారు కళ్లజోడు పెట్టుకుని నా పేరు అడిగి రాసుకున్నారు. మంచికే రాసుకున్నారు. "మీలాంటివారు ప్రతి కార్యాలయానికీ ఒకరుండాలి," అన్నారు. ఉన్నారు మేడం, ఉన్నారు. దేశం ఊరికే ఇలా ఉందా?

ఆఫీసంతా కదిలింది. బల్లలు వరండాలోకి లాగి, తలా ఒక తోరణం పట్టుకుని, పండక్కి ఇత్తడి సామాను తోమినట్టు తోమాం. తెల్లటి పొడి రేగింది. నేను వరసల మధ్య తిరుగుతూ, "గట్టిగా కాదు, గుండ్రంగా, గుండ్రంగా!" అని సాంకేతిక సూచనలిచ్చాను. సిరా బ్రహ్మాండంగా పట్టింది. ప్రతి డిస్కు మీదా "సదరు ఖాళీ స్థలం కొట్టివేయడమైనది" అన్న వాక్యం, కింద నిపుణుడిగా నా సంతకం, పక్కన గుండ్రటి ముద్ర. నూకరత్నం ఊరి జాతర డిస్కుని మాత్రం మాట ఇచ్చాను కాబట్టి ఎవరికీ ఇవ్వకుండా నేనే స్వయంగా, శ్రద్ధగా రుద్దాను.

పోతూ పోతూ హైమవతి గారు ఇంకొక్క మాట రాశారు. ఒకే విషయం టేపులోనూ డిస్కులోనూ ఉండటం ఒకే ఆస్తిని రెండుసార్లు చూపడమే, ధ్రువీకరించిన ప్రతిని ఉంచి రెండోది తొలగించాలి అని. ధ్రువీకరించింది డిస్కు. టేపుకి సంతకమూ లేదు, ముద్రా లేదు. మర్నాడు లారీ వచ్చి టేపులు, నా కంప్యూటర్లో ఉన్న నకళ్లతో సహా కంప్యూటరూ పట్టుకుపోయింది. ఆ నకళ్లు మూడోసారి చూపడం కిందికి వస్తాయట.

నూకరత్నం నేను రమ్మన్న రోజుకి వచ్చింది, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని. ఈసారి కుర్చీలో కూర్చుంది, నేనే బలవంతం చేశాను. తోరణం ముడి విప్పి డిస్కు తీసి, పళ్లెంలో పెట్టి, డిస్కులాడించే యంత్రంలోకి తోశాను. వీర్రాజు డప్పుకి చెవి ఆనించి కూర్చున్నాడు. యంత్రం కాసేపు గుర్‌మంది, ఆగింది, మళ్లీ గుర్‌మంది. తెర మీద 'డిస్కు లేదు' అని వచ్చింది.

బయటికి తీసి పంచెతో తుడిచి మళ్లీ పెట్టాను. డిస్కు లేదు.

"ఏటండి, లేదంటంది?" అంది నూకరత్నం.

దొరబాబు గారి గదిలోకి పరిగెత్తాను. ఆయన స్టాకు రిజిస్టరు తెరిపించారు.

"డిస్కు ఉంది. ఇదుగో, క్రమసంఖ్యతో సహా ఉంది. ఉన్నదాన్ని లేదనడానికి ఆ యంత్రమెవరు? సంజాయిషీ అడగండి."

అడిగాం. నవ్వకండి, నేనే రాశాను. "రికార్డులలో ఉన్న డిస్కును లేదని పేర్కొనుట ద్వారా సదరు యంత్రము కార్యాలయ ప్రతిష్ఠకు భంగము కలిగించినది. దీనిపై ఏల క్రమశిక్షణా చర్య తీసుకొనరాదో తెలుపవలెను." కాగితం యంత్రం మీదే అంటించాం. గడువు దాటినా జవాబు రాలేదు. దాన్ని సస్పెండు చేసి స్టోరు గదిలో పెట్టారు.

కానీ ఆ కాగితం రాసే ముందు నేను తిరిగి నా గదికి వెళ్లి ఆమెతో మాట్లాడాలి కదా. ఆమె డిస్కుని చేతిలోకి తీసుకుని చూస్తోంది. గరుకుగా, మాసిపోయిన అద్దంలా ఉంది. నా సంతకం మీద వేలు పెట్టి రుద్దింది.

"ఇదెవరు గీకారండి?"

"అది... పద్ధతి అమ్మా."

"పోన్లెండి. టేపు ఇనిపించండి."

టేపు లేదని చెప్పాను. ఎందుకు లేదో చెప్పాను. చెబుతుంటే నా మాటలు నాకే అసహ్యంగా వినపడ్డాయి. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "మా మావ రెండోసారి పోయాడండి బాబూ," అంది. వీర్రాజు డప్పు తీసుకుని బయటికి నడిచాడు.

అయితే ప్రభుత్వంలో దేనికైనా మంచి రోజులొస్తాయి. రాష్ట్రంలోని భాండాగారాలన్నిటినీ చూడటానికి పెద్ద బృందం వచ్చింది. లెక్కపెట్టారు, డిస్కులన్నీ ఉన్నాయి. ముద్రలు చూశారు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. మిగతా జిల్లాల్లో జనం అడిగి తీసి ఆడించి డిస్కులు అరగదీశారట, మా దగ్గర ఎవరూ ఆడించిన దాఖలాయే లేదు. ఉత్తమ పరిరక్షణ పురస్కారం మాకే వచ్చింది. దొరబాబు గారు సభకి గరగలాట పెట్టమన్నారు.

"వాళ్లు ఎత్తరండి," అన్నాను. "దించే వరస లేదు."

"హైదరాబాదు నుంచి కొత్త యంత్రం వస్తోంది. ఆఖర్లో తెర మీద మన డిస్కు వేద్దాం. తెర మీద గంగరాజు, వేదిక మీద గరగలు. సంప్రదాయమూ సాంకేతికతా! వెళ్లి చెప్పండి."

వెళ్లి చెప్పాను. నూకరత్నం వాకిట్లో చేపలు ఆరబెడుతోంది. విని చేతులు కొంగుకి తుడుచుకుంది. "కొత్త మిషను చదూతుందంటారా అండి?" అని అడిగింది.

చదవదని నాకు తెలుసు. రుద్దిన చెయ్యి నాది. ఎర్ర కాంతైనా, నీలం కాంతైనా, సాక్షాత్తూ సూర్యుడే దిగొచ్చినా ఆ డిస్కు చదవలేడు. నోరు తెరిచి ఆ మాట చెప్పేయాలనుకున్నాను. కానీ పక్కన కారులో మా డ్రైవరున్నాడు, వాడు ఏది విన్నా దొరబాబు గారికి చెబుతాడు. పైగా నా పదోన్నతి ఫైలు కూడా కదలబోతోంది.

"పెద్దవాళ్లు తెప్పిస్తున్నారమ్మా," అన్నాను. అబద్ధం కాదు అది. అదే నా ఉద్యోగం.

సభ రోజు హాలు నిండిపోయింది. నూకరత్నం, ఇంకో నలుగురాడవాళ్లూ పసుపు పూసుకుని, వేపమండలు కట్టుకుని గరగలెత్తారు. వీర్రాజు డప్పందుకున్నాడు. ఏమాటకామాటే చెప్పాలి, ఏడాదికి పైగా ఆగిన కాళ్లలా లేవు అవి. గరగలు నెత్తి మీద అతికించినట్టు నిలబడ్డాయి. జనంలో ఒకావిడకి పూనకం వచ్చింది. నేనూ అన్నీ మరిచిపోయి చూశాను. చివరికి డప్పు ఒక్కసారిగా ఆగింది. ఆడవాళ్లు ఆగారు. అయిదు గరగలు, అయిదు జతల కళ్లు, తెరవైపు.

దొరబాబు గారు నాకు సైగ చేశారు. మీట నొక్కాను. కొత్త యంత్రం గుర్‌మనలేదు, అది ఖరీదైనది. హైడెఫినిషన్‌లో, ఇంత పెద్ద అక్షరాలతో, ఎక్కడా మసక లేకుండా తెర నిండా వచ్చింది: 'డిస్కు లేదు'.

వేదిక మీద ఎవరూ కదల్లేదు. బరువుకి నూకరత్నం మెడ నరాలు తేలాయి, మొహం మీద పసుపు చెమటకి కారుతోంది.

"దించేదెలాగండి బాబుగారూ?" అంది, నావైపే చూస్తూ. "ఆ వరస మీకాడే కదండీ ఉంది?"

అప్పుడు ముందు వరసలో దొరబాబు గారు లేచి నిలబడి చప్పట్లు మొదలెట్టారు. ఆయన్ని చూసి ఆయన పక్కవాళ్లు, వాళ్లని చూసి వెనకవాళ్లు, హాలంతా చప్పట్లే. ఆట అయిపోయిందనుకున్నారు. గరగలు నెత్తిన పెట్టుకుని వాళ్లలాగే నిలబడి ఉన్నారు.

నేనూ కొట్టాను. దొరబాబు గారు ఇంకా ఆపలేదు, అందుకని నేనూ ఆపలేదు.